ఊ కొట్టే మనిషి

వకీలు సాబ్ పోయారన్న కబురు ఎల్లారెడ్డికి బస్సులో వచ్చింది. యుద్ధం మొదలైనప్పటి నుంచి పెట్రోలు దొరక్క మా బస్సు బొగ్గు మీద నడుస్తోంది. ఎప్పుడొస్తుందో, నడుమ ఎక్కడ మొరాయిస్తుందో దాని ఇష్టం. ఆ రోజు మాత్రం పొద్దున్నే వచ్చింది. డ్రైవరు దిగి, మసి చేతులు తుడుచుకుంటూ నేరుగా మా అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పంతులూ, మీ వకీలు సాబ్ పోయిండు. నిన్ననే. కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. పొద్దుగూకక ముందే దహనం గూడ అయిపోయింది."

నేను అరుగు దిగాను. డ్రైవరు అసలు మాట అప్పుడు చెప్పాడు.

"ఆ ఇంటి అమ్మ నోరు విప్పుతలేదట. ఏడ్వనన్న ఏడ్వలేదట. ముద్ద ముడుతలేదు. అందరు గాబరైతున్నరు. నువ్వు జర పోయి రారాదు?"

తిరుగు బస్సులోనే కామారెడ్డికి బయలుదేరాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. నిండు దుఃఖంలో ఉన్న మనిషి ఏడవకపోతే ఆ దుఃఖం లోపలే గడ్డకట్టుకుపోతుందని మా వైపు పెద్దలు భయపడతారు. ఆ ఇంట్లో నేను నేర్చుకున్న విద్య ఒకటి ఉంది. అది ఇప్పుడు ఆ ఇంటి అమ్మకే పనికొస్తుందా, రాదా? ఆ విద్య ఏమిటో చెబితే గానీ నా ఆలోచన మీకు అర్థం కాదు. కాస్త ఓపిక పట్టి వినండి.

హైదరాబాదు నుంచి వచ్చే రైలు కామారెడ్డిలో ఆగేసరికి మా ఊరి బస్సు ఎప్పుడూ వెళ్ళిపోయే ఉండేది. రైలుకూ బస్సుకూ తోడికోడళ్ళకు పడనట్టు పడేది కాదు. పట్నంలో కాలేజీ చదువులు చదువుకుంటూ సెలవులకు వచ్చే ఎల్లారెడ్డి, జుక్కల్ వైపు పిల్లలం ట్రంకు పెట్టెలు మోసుకుంటూ స్టేషన్ రోడ్డులో వకీలు సాబ్ ఇంటికే పోయేవాళ్ళం. చుట్టరికం అడిగినవాళ్ళు లేరు. ముందు పెంకుల వసారా, వసారాలో రెండు బెంచీలు, ఒక చేతుల కుర్చీ. ఆయన ఆ కుర్చీలో కూర్చుని ఉండేవారు. అదాలత్‌కు పోయేటప్పుడు షేర్వానీ, రూమీ టోపీ. ఇంట్లో మోకాళ్ళ కిందికి దిగని పంచె, చేతిలో అడకత్తెర. పిల్లలు లేరు ఆ దంపతులకు. ఆ మాట వాళ్ళెప్పుడూ అనలేదు, మేమూ అడగలేదు.

కాలేజీలో చేరిన మొదటి ఏడు, వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఆయన్ని మొదటిసారి చూశాను. నేను పుట్టుకతోనే వాగుడుకాయని. మా అవ్వ అనేది, వీడు కడుపులో ఉన్నప్పుడు కూడా తన్నలేదు, మాట్లాడాడు అని. ఇక పట్నం నుంచి కొత్తగా వచ్చిన ఊపు. వకీలు సాబ్ "ఏం చదువుతున్నవు బిడ్డా?" అని అడగడమే ఆలస్యం, అందుకున్నాను. మా కాలేజీ మేడలు, మా ప్రొఫెసర్ల ఉర్దూ, మా హాస్టల్లో భోజనం, నేను డిబేట్లో లేచి మాట్లాడితే పడిన చప్పట్లు. ఆయన కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. అప్పుడప్పుడు "ఊ" అన్నారు. అంతే. అడకత్తెర కూడా కదల్లేదు.

నేను అలసిపోయి ఆగాను. ఆయన కళ్ళు తెరవకుండానే మొదలుపెట్టారు. నేను చెప్పిందంతా మొదటి నుంచి చివరి దాకా నాకే తిరిగి చెప్పారు. మేడలు, ఉర్దూ, చారులో ఉప్పు ఎక్కువ, చప్పట్లు, ఒక్కటి పోలేదు. ఒక్కటి కలపలేదు. వెక్కిరింపు కూడా లేదు.

"గిదేనా నువ్వు చెప్పింది?"

"అవునండీ, ఇదే."

"మరి ఏం చదువుతున్నవో చెప్పనే లేదు గద బిడ్డా."

లోపల తలుపు వెనక అమ్మ నవ్వడం వినిపించింది. నాకు చెవులు ఎర్రబడ్డాయి. కానీ అబద్ధమెందుకు, అంతకుముందు నా మాటలు అంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు. మర్నాడు బస్సెక్కినా మనసు ఆ వసారాలోనే ఉండిపోయింది. వారం తిరక్కుండానే ఏదో పని కల్పించుకుని కామారెడ్డికి తిరిగి వచ్చాను.

ఈ మధ్య పెద్దలు సభలు పెట్టి, కాలేజీ విద్యార్థులకు తరగతి పాఠాలకు మించి ఏమేం నేర్పాలని తీర్మానాలు చేస్తున్నారు. పఠనమందిరాలు, వ్యాయామశాలలు, వక్తృత్వ పోటీలు. అన్నీ మంచివే, కాదనను. వక్తృత్వం నేర్పడానికి మనకు కొదవ లేదు. వకీలు సాబ్ మాత్రం ఏ తీర్మానమూ లేకుండా, తన వసారాలో రెండు బెంచీల మీద, మాకు వినడం నేర్పారు.

ఆయన పద్ధతి ఇది. వేసవి సెలవుల్లో వచ్చిన విద్యార్థి ఆయన పక్కన బెంచీ మీద కూర్చోవాలి. కక్షిదారు ఎవరు వచ్చినా ముందు విద్యార్థి ఎదుట కూర్చుని తన గోడు చెప్పుకోవాలి. విద్యార్థి ఏమీ అడగకూడదు, ఏమీ రాసుకోకూడదు. ఊ కొట్టవచ్చు. చెప్పే మనిషి చెప్పడం పూర్తయ్యాక, ఆ గోడంతా ఆ మనిషికే తిరిగి చెప్పాలి. "అవును, గిదే నేను చెప్పింది" అని ఆ మనిషి నోట రావాలి. వస్తే లోపలి నుంచి చాయ్ వస్తుంది. రాకపోతే మళ్ళీ మొదటి నుంచి. అంతదాకా చాయ్ లేదు.

చాయ్ సంగతి అమ్మ చేతిలో ఉండేది. తలుపు వెనక ఆమె బియ్యం ఏరుతూనో, కూర తరుగుతూనో ప్రతి గోడూ వినేది. "గిదే" అన్న మాట చెవిన పడ్డాకే పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. ఆ మాట మొహమాటానికి అన్నారని తోస్తే పెట్టేది కాదు. వకీలు సాబ్ ఒప్పుకున్నా అమ్మ ఒప్పుకోని రోజులు ఉన్నాయి. అప్పుడు ఆయనే నవ్వి "పై అదాలత్ ఫైసలా గట్లున్నది, మళ్ళ చెప్పు" అనేవారు.

నాతోపాటు జుక్కల్ మిత్రుడు ఒకడు ఉండేవాడు. వైద్యం చదవాలని వాడి కోరిక. ఇంట్లో కన్నడం, సంతలో మరాఠీ, మాతో తెలుగు, పరీక్షలో ఉర్దూ. ఏ భాషలోనైనా నన్ను ఆటపట్టించడానికి వాడికి మాటలు దొరికేవి. ఒకనాడు వాడు మొండికేశాడు.

"నేనేమన్న వకీలునైతనా సాబ్? ఈ గెట్ల పంచాదులు నాకెందుకు?"

వకీలు సాబ్ కోపం తెచ్చుకోలేదు. "డాక్టరువే అయితవు. కడుపునొప్పి అని ఒకడు నీ తానకొస్తడు. వచ్చినోడు మొదలు నొప్పి చెప్పడు, అత్తగారింటి లొల్లి చెప్తడు. అప్పుడేం చేస్తవు?"

"నొప్పి ఏడనో చెప్పుమంట."

"గంతే, పోయింది. నొప్పి ఆ లొల్లిలనే ఉన్నది. అడ్డమొస్తే ఎద్దు తొవ్వ తప్పుతది, మనిషి మాట తప్పుతది."

ఆయనకు అసలు కోపమే లేదని కాదు. కక్షిదారు మాట్లాడుతుండగా ఆవలించిన ఒక విద్యార్థిని ఆ పూటే ట్రంకు పెట్టెతో సహా బస్టాండుకు పంపేశారు. ఊ కొట్టడంలో కూడా ఆయనకు పట్టింపులు ఉండేవి. "నీ ఊ ల తొందర ఉన్నది బిడ్డా, జల్ది కానియ్యి అన్నట్టున్నది" అని నన్ను ఎన్నోసార్లు మందలించారు. చిన్నప్పుడు అవ్వ కథ చెబుతుంటే మనం కొట్టిన ఊ ఉంటుంది చూడండి, నువ్వు ఆపితే నాకు నిద్ర పట్టదు అన్నట్టుండే ఊ, అది కావాలి ఆయనకు.

ఆ విద్య విలువ నాకు నిజంగా తెలిసింది తాడ్వాయి చెల్లె వచ్చిన రోజు. వకీలు సాబ్ ఆమెను చెల్లె అన్నారు కాబట్టి మాకూ ఆమె ఆ పేరుతోనే గుర్తు. నలభై ఏళ్ళుంటాయేమో. ఎండలో నడిచి వచ్చింది. అమ్మ ఇచ్చిన చెంబెడు నీళ్ళు తాగి నా ఎదుట కింద కూర్చుంది. ఎంత చెప్పినా బెంచీ ఎక్కలేదు. చివరికి నేనే దిగి ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాను.

ఆమె భర్త పోయాడు. బావగారితో ఉమ్మడిగా ఒక మోట బావి ఉంది, ఎద్దులు తోలు తొట్టితో నీళ్ళు తోడే బావి. ఒక రోజు వాళ్ళు మోట కొట్టుకుంటే ఒక రోజు ఈమె. ఈ యాసంగి పంటకు బావ అడ్డం తిరిగాడు. తమ్ముడు పోయాక బావిలో నీకు వంతు లేదన్నాడు. వరి పొట్ట మీద ఉంది. నీళ్ళు అందకపోతే గింజ పాలుపోసుకోదు. అదే ఆమె ఏడాది తిండి. ఈ మాటల నడుమ ఆమె ఒక ఎర్రెద్దు గురించి చెప్పింది. దూడగా భర్త అంగట్లో కొని తెచ్చింది, దాని కొమ్ముకు ఆమె ముగ్గుపిండి రాసింది, అది చచ్చిపోతే మొగుడు పోయినప్పటి కంటే ఎక్కువ ఏడ్చానని ఊరంతా నవ్వింది. ఎద్దు గురించి ఆమె చాలాసేపు చెప్పింది. నేను ఊ కొట్టాను, తొందర లేకుండానే కొట్టాను.

తరవాత తిరిగి చెప్పాను. కాలేజీలో నేర్పినట్టు చక్కగా అమర్చి చెప్పాను. మొదట హక్కు, తరవాత అడ్డంకి, ఆ తరవాత నష్టం. నాకే ముచ్చటేసింది.

ఆమె నా ముఖంలోకి చూసింది. "మరి నా ఎర్రెద్దేది?"

జుక్కల్ మిత్రుడు కిసుక్కుమన్నాడు. లోపల చాయ్ గిన్నె చప్పుడు వినిపించలేదు. నేను వకీలు సాబ్ వైపు చూశాను. ఎద్దు పోయిన దుఃఖం వేరు, బావి గొడవ వేరు కదా అని నా భావం.

"దిద్దకు బిడ్డా. అది నీ పరీక్ష కాయితం కాదు," అన్నారాయన కళ్ళు తెరవకుండా. "చెల్లె, మళ్ళ ఒక్కసారి చెప్పు. ఎద్దు కాడ నుంచి చెప్పు."

ఆమె మళ్ళీ చెప్పింది. ఈసారి ఎద్దు చావు దగ్గర ఆగలేదు. "సచ్చినంక దాన్ని ఇయ్యబుద్ధి కాలేదన్న. తోలు కుట్టే తాత వచ్చి, బావి మోట తోలు చినిగిపోయింది గదనే, దీనితోని కొత్తది కుడత, నీ ఎద్దు నీ బావి కాడనే ఉంటది అన్నడు. గట్లైతే సరే అన్న. ఆ తోలే ఇప్పుడు బావి మీదున్నది. నీళ్ళు పైకొచ్చినప్పుడల్ల నా ఎద్దే వస్తున్నట్టుంటది. వాళ్ళ వంతు నాడు గూడ అదే తోలు. నా వంతు మాత్రం లేదంటున్నరు."

నేను తిరిగి చెప్పాను, ఈసారి అమర్చకుండా, ఆమె చెప్పిన వరసలోనే. "అవునయ్యా, గిదే," అంది ఆమె, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. లోపల పొయ్యి మీద గిన్నె పెట్టిన చప్పుడైంది.

అప్పుడు వకీలు సాబ్ కళ్ళద్దాలు పెట్టుకున్నారు. ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఎద్దు సచ్చింది మీ ఆయన పోకముందా, పోయినంకనా?"

"పోయినంకనే అన్న. ఆ వానకాలమే."

నాకు అప్పుడు తెలిసింది. భర్త పోయాక కూడా బావికి ఆమె తన వంతు పెట్టింది, బావ అది పుచ్చుకుని వాడుకుంటున్నాడు. వంతు లేని మనిషి సొత్తు బావి మీదికి ఎలా వచ్చింది?

అర్జీ రాసి అదాలత్‌లో వేస్తే ఫైసలా వచ్చేసరికి వరి ఎండి గడ్డవుతుంది. అందుకని ఆయన మర్నాడే బండి కట్టించి మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని తాడ్వాయి పోయారు. బావి గడ్డ మీద పెద్దమనుషులు కూర్చున్నారు. వకీలు సాబ్ చట్టం ఎత్తనే లేదు. ముందు ఆ బావ చెప్పుకునేదంతా విన్నారు. మా మాటలు విన్నట్టే, కళ్ళద్దాలు తీసి. విని, తిరిగి చెప్పారు. బావ కూడా "అవును, గిదే" అన్నాడు. ఆ తరవాత ఎర్రెద్దు సంగతి ఎత్తేసరికి బావకు కోపం వచ్చింది.

"అయితే ఏంది? దాని తోలు దాన్నే తీసుకపొమ్మను."

పెద్దమనుషుల్లో ఒక ముసలాయన తలపాగా సర్దుకుని అడిగాడు. "గట్లైతే తోలు ఆమెదే అన్నట్టు గద. ఇన్నొద్దులు ఏ లెక్కన వాడుకున్నవురా?"

బావ తల దించుకున్నాడు. మర్నాడు పొద్దున ఆమె వంతు మోట నడిచింది. కింది మడి అప్పటికే ఎండిపోయింది, దానికి ఎవరూ ఏమీ చేయలేకపోయారు. మీది మడులు నిలిచాయి.

తిరిగి వస్తూ బండిలో నేను అడిగాను, ఇలాంటివి కాలేజీలో ఎందుకు నేర్పరు అని. బండి సదాశివనగర్ వైపు పోయే తొవ్వ దగ్గరికి వచ్చాక ఆయన అన్నారు, "కాలేజీల చెప్పేటోడు ఒక్కడు, వినేటోళ్ళు నలభై మంది. ఊర్ల గట్ల కాదు బిడ్డా. చెప్పేటోళ్ళు ఊరంత ఉన్నరు. వినేటోడే దొరుకుతలేడు."

జుక్కల్ మిత్రుడు ఇప్పుడు డాక్టరు. రోగులు వాడి దగ్గరికి దూరాల నుంచి వస్తారని విన్నాను. మందు మంచిదో కాదో గానీ కడుపులో మాటంతా చెప్పుకోవచ్చని వస్తారట. నేను బడిపంతులునయ్యాను. తప్పు చేసిన పిల్లవాడు చెప్పే సాకు పూర్తిగా విని వాడికే తిరిగి చెబుతాను. సగంలోనే వాడికి నవ్వొస్తుంది. బెత్తం అవసరం పడదు. ఆ మహానుభావుడు నాకు ఒక్క చట్టం ముక్క నేర్పలేదు. నేర్పినదాంతోనే రోజూ బువ్వ తింటున్నాను.

ఇదీ నేను బస్సులో మోసుకుపోయిన విద్య.

ఆ ఇంటికి చేరేసరికి వసారా నిండా చెప్పులు. లోపల ఆడవాళ్ళు అమ్మ చుట్టూ కూర్చుని ఉన్నారు. ఆమె గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, నేల వైపు చూస్తోంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఓదారుస్తున్నారు. పుణ్యాత్ముడు, నొప్పి లేకుండా పోయాడు అని ఒకరు. రాసిపెట్టి ఉన్నది ఎవరు తప్పిస్తారు అని ఒకరు. ఏడువమ్మా, ఏడిస్తే బరువు దిగుతుంది అని ఒకరు భుజం పట్టి ఊపుతున్నారు. ఆమె తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడి నన్ను చూసి చేతులు తిప్పాడు, ఏం చేయాలో తెలియడం లేదన్నట్టు.

నేను ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాను. ఏమీ అనలేదు. వాగుడుకాయకు అదెంత కష్టమో మీకేం తెలుసు. భోజనాల వేళ అయ్యింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి ఇళ్ళకు పోయారు. నేను అలాగే కూర్చున్నాను. ఎంతసేపటికో ఆమె తల ఎత్తి నా వైపు చూసింది.

"తమ్ముడు వచ్చిండు బిడ్డా," అంది.

"ఊ," అన్నాను.

"మొన్న పొద్దుగాల వచ్చిండు. ఈయేడు వానలు తక్కువాయె గద, ప్రాజెక్టు నీళ్ళు మస్తు కిందికి వోయినయట. మా ఊరు తేలిందని చెప్పిండు."

ఆమె పుట్టిన ఊరు ఎల్లారెడ్డి అవతల మంజీర ఒడ్డున ఉండేది. ప్రాజెక్టు కట్టినప్పుడు నీళ్ళలో పోయింది. ఊరివాళ్ళంతా తలో దిక్కు లేచిపోయారు. ఆమె తమ్ముడు ఎల్లారెడ్డి దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. ఆమె మాత్రం అప్పటికే కామారెడ్డికి కాపురానికి వచ్చేసింది. ఊరు మునగడం ఆమె చూడనే లేదు.

"గోడలు లేవట. ఏం లేవట. మా వాకిట్ల రోలు మాత్రం ఉన్నదట, ఆడనే, మట్టిల. మా అవ్వ వడ్లు దంచిన రోలు. నిన్న పొద్దుగాల ఆయన అదాలత్‌కు పోయే ముందు కుర్చీల కూసున్నడు. చాయ్ తాగిండు. నేను ఎన్నడు ఆయనకు ముచ్చట చెప్పుకునేదాన్ని కాదు బిడ్డా. దినమంత ఊరోళ్ళ గోస విని అలసి వస్తుండె, ఇగ నాది ఏం వింటడని ఊకునేదాన్ని. నిన్న ఆపుకోలేకపోయిన. చెప్పిన. ఆయన అద్దాలు తీసి పక్కన పెట్టిండు. నాకు మస్తు సంబరమైంది. నా ముచ్చటకు అద్దాలు తీసిండు అని."

"ఊ."

"వానపడితే ఆ రోట్ల నీళ్ళు నిలుస్తుండె. మా ఇంట్ల అద్దం లేకుండె. మా అక్క, నేను ఆ నీళ్ళల్ల మొకాలు చూసుకుంటుంటిమి. అక్క జెడ జారి నీళ్ళల్ల పడుతుండె. గదంత చెప్పిన. మళ్ళ నీళ్ళు రాకముందు ఒక్కపారి ఆ రోలు చూడాలె, తీసుకపోతవా అని అడిగిన. ఊ అనలేదు. మళ్ళ అడిగిన. ఊ అనలేదు. చేయి పట్టుకుంటే సల్లగున్నది."

"ఊ," అన్నాను.

"తమ్ముడొచ్చిండంటే ఊ అన్నడు. నీళ్ళు దిగినయంటే ఊ అన్నడు. ఇగ నేను చెప్పుడుల పడ్డ. ఊ ఏడ ఆగిందో చూసుకోలేదు బిడ్డా. రోలు దాక విన్నడో, అక్క దాక విన్నడో, తీసుకపోతవా అంటే విన్నడో లేదో."

దాచను, నా నాలుక చివరిదాకా వచ్చింది. అంతా విన్నారమ్మా, మీ మాట వింటూనే హాయిగా పోయారమ్మా అనాలని. ఎంత చక్కటి మాట. ఆమెకు ఊరటగా కూడా ఉండేది. కానీ ఆయన గొంతు చెవిలో వినిపించింది, దిద్దకు బిడ్డా అని. ఆ మాట మింగేసి, కళ్ళు మూసుకుని, మొదటి నుంచి తిరిగి చెప్పాను. తమ్ముడు రావడం, నీళ్ళు దిగడం, ఊరు తేలడం. గోడలు లేవు, రోలు ఉంది. ఎన్నడూ చెప్పుకోనిది నిన్న చెప్పుకున్నావు. ఆయన అద్దాలు తీశారు, నీకు సంబరమైంది. రోట్లో నీళ్ళల్లో ముఖం చూసుకునేదానివి. తీసుకపోతవా అని అడిగావు. ఆయన ఊ అనలేదు. ఊ ఎక్కడ ఆగిందో నీకు తెలియదు.

"నేనొక్కదాన్నే కాదు," అంది ఆమె. "మా అక్క, నేను."

"నువ్వూ మీ అక్కా. మీ అక్క జెడ నీళ్ళల్లో పడేది."

"అవును," అంది. "గిదే. గిదే నేను చెప్పింది."

అని, అప్పుడు ఏడ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా, గొంతెత్తి, పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చేలా ఏడ్చింది. గుమ్మం దగ్గర ఆమె తమ్ముడు కూడా ఏడ్చాడు. నా సంగతి చెప్పనక్కర్లేదు. చాలాసేపటికి ఆమె ముఖం తుడుచుకుంది. గోడ పట్టుకుని లేచింది. ఎక్కడికమ్మా అంటే వినిపించుకోలేదు. చావు ఇంట్లో ఇంకా పొయ్యి వెలిగించకూడదని ఎవరో అంటున్నా ఆగకుండా వంటింట్లోకి పోయింది. కాసేపటికి లోపల చాయ్ గిన్నె చప్పుడైంది.

మా వైపు ఆచారం ఒకటుంది. కర్మలు అయ్యాక పుట్టింటివాళ్ళు వచ్చి ఆడపడుచును ఒక నిద్రకు తీసుకుపోతారు. అలాగే అమ్మను తమ్ముడు బస్సులో ఎల్లారెడ్డికి తీసుకువచ్చాడు. అక్కణ్ణుంచి బండి కట్టుకుని ముగ్గురం మంజీర వైపు పోయాం. ఇంకా వానమొగులు పట్టలేదు. నీళ్ళు దూరంగా తెల్లగా కనిపిస్తున్నాయి. పగుళ్ళు వారిన బురద మట్టి మీద బండి ఆపి నడిచాం. ఆమె ముందు నడిచింది. అక్కడ గుర్తు పట్టడానికి ఏమీ లేదు, అయినా ఒక్కసారి కూడా ఆగి దారి అడగలేదు.

రోలు ఉంది. సగం మట్టిలో కూరుకుని, నిండా ఒండ్రుతో. ఆమె పక్కన కూర్చుని చేత్తో ఒండ్రు తోడి పోసింది. ఉత్త చేతులు, గాజుల చప్పుడు లేదు.

"ఎట్లైతేంది, ఆయనే తీసుకొచ్చిండు," అంది నెమ్మదిగా.

తాగడానికి తెచ్చుకున్న చెంబులోని నీళ్ళు రోట్లో పోసింది. నీళ్ళు ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. అవి తేరుకునేదాకా చూద్దామని చుట్టూ కూర్చున్నాం. ఆలోగా ఆమె వాళ్ళ అక్క సంగతి చెప్పడం మొదలుపెట్టింది. తమ్ముడు ఏదో అనబోయాడు. చెయ్యెత్తి ఆపి, నేను ఊ అన్నాను.